నుయ్యి తవ్వేముందు రాయిని అడగండి



అనకాపల్లి చుట్టుపక్కల ఏ ఊరు వెళ్ళినా ఒక మాట వినపడుతుంది. "గట్టుకు ఇవతల నా బోరులో దుమ్ము లేచింది. గట్టుకు అవతల మా బావ బోరులో నీళ్ళు పడ్డాయి. ఎవరి అదృష్టం వారిది" అంటారు. బోరుకు పెట్టే డబ్బు చాలామందికి అప్పు తెచ్చిన డబ్బే. మొదటి బోరు ఎండితే ఆ అప్పు తీర్చడానికి పంట కావాలి, పంటకు నీళ్ళు కావాలి, నీళ్ళ కోసం రెండో బోరు వేస్తారు. అదీ ఎండితే పొలం తాకట్టుకు పోతుంది. ఇంత కష్టం తెచ్చే విషయాన్ని అదృష్టానికి వదిలిపెట్టడం న్యాయం కాదు గదా! అంచేత ఈ పూట మన నేల కింద ఏ రాయి ఉన్నదో, ఏ రాయి ఎంత నీరు ఇవ్వగలదో ముచ్చటించుకుందాం.

నేల కింద ఏరులు పారుతుంటాయనీ, ఆ ఏరు తగిలేదాకా తవ్వుతూ పోవాలనీ కొందరి నమ్మకం. మన ప్రాంతంలో అటువంటి ఏరులు లేవు. వాన నీరు నేలలోకి ఇంకి, కుళ్ళి మెత్తబడిన రాతి రవ్వల మధ్యా, ఆ కింది గట్టి రాతి పగుళ్ళలోనూ నిలుస్తుంది. ఇది గాదెలో ధాన్యం వంటిది. గాదె ఎంత పెద్దది, ఏటా ఎంత పోస్తున్నారు, ఎంత తీస్తున్నారు అనే మూడు లెక్కలు తెలిస్తే చాలు. గాదె ఎంతన్నది రాయి నిర్ణయిస్తుంది. పోసేది వాన. తీసేది మనం.

మరి మన రాళ్ళేమిటి? తూర్పు కనుమల రాళ్ళు చాలా పాతవి. మన జిల్లాలో వీటిని ముఖ్యంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చును.

మొదటిది ఖొండలైటు. మన్యంలో, ఒరిస్సా కొండల్లో ఉండే ఖోండు ప్రజల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దీనికి ఈ పేరు పెట్టాడు. తుప్పు రంగుగా, పొరలు పొరలుగా ఉంటుంది. దగ్గరగా చూస్తే ఎర్రని గార్నెట్ గింజలు కనపడతాయి. సింహాచలం కొండ, విశాఖపట్నంలోని కైలాసగిరి ఈ జాతివే. కోణార్కలో 13వ శతాబ్దపు సూర్యదేవాలయం కట్టినదీ ఈ రాతితోనే. ఆ గుడి బొమ్మలు అరిగిపోవడానికి సముద్రపు గాలితోపాటు ఈ రాయి తేలికగా కుళ్ళే గుణం కూడా కారణమే. గుడికి చెరుపు చేసిన ఆ గుణమే రైతుకు మేలు చేస్తుంది. కుళ్ళిన రాయి నీటికి చోటిస్తుంది. సింహాచలం కొండమీద గంగధార వంటి ఊటలు ఉన్నాయంటే, కొండ పైన కురిసిన వాన రాతి సందులగుండా దిగి పక్కన బయటపడడం వల్లనే.

అయితే ఈ రాయిలో ఒక చిక్కు ఉన్నది. ఇది బాగా కుళ్ళితే తెల్ల సుద్ద అవుతుంది. సుద్ద నీటిని పీల్చుకుంటుంది గాని వదలదు. సుద్దలో ఎంత లోతు తవ్వినా గోడలు చెమ్మగిల్లుతాయి, నుయ్యి మాత్రం నిండదు. సుద్దకు కిందా, గట్టి రాతికి పైనా, సగం కుళ్ళి సగం పగిలిన ఒక పొర ఉంటుంది. గునపం దిగుతుంది, రాయి పెచ్చులుగా ఊడి వస్తుంది. మన నూతులకు ఊట ఇచ్చేది ఎక్కువగా ఆ పొరే. ఆ పొర తగలకముందే తవ్వడం ఆపినవాడి నుయ్యి, తగిలినా ఊట అందకుండా దాన్ని కేసింగు గొట్టంతో మూసేసినవాడి బోరు, రెండూ వట్టిపోతాయి. అంచేత మెత్త రాయి మందంగా ఉన్నచోట ఒట్టి బోరుకంటే నేల నుయ్యి మంచిది. కావలిస్తే నుయ్యి అడుగున చిన్న బోరు వేసుకోవచ్చును.

రెండవది చార్నొకైటు. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఆంగ్లేయుడి సమాధి మీద ఉన్న రాయి ఈ జాతిదే. హాలండు అనే శాస్త్రజ్ఞుడు దీన్ని పరిశీలించి ఆయన పేరు పెట్టాడు. నల్లగా, కొంచెం నీలి ఛాయతో, నూనె పూసినట్టు జిడ్డుగా మెరుస్తుంది. రోడ్డు కంకరకు బహు మంచిది. కంకరకు మంచిదంటే నూతికి మంచిది కాదన్నమాట. ఇది కుళ్ళడం తక్కువ, పైన మెత్త పొర పలచన. దాని కింద అంతా చట్టు. పగులు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము.

మూడవది తెలుపు నలుపు చారలున్న గ్రానైటు జాతి రాయి. ఇది ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. కుళ్ళితే గరుకు ఇసుకగా విడిపోతుంది. సుద్ద పాలు తక్కువగా ఉంటే ఊట ఫరవాలేదు.

ఈ మూడూ కాక, శారదా నది తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు ఉన్నది. మన్యం కొండల్లో పుట్టి, అనకాపల్లి, కశింకోట, మునగపాక ప్రాంతాల మీదుగా సముద్రానికి పోయే ఈ నది పక్క పొలాలది వేరే లెక్క. అక్కడ ఫిల్టరు పాయింటు దింపితే నీరు వస్తుంది. అదే ఊళ్ళో కొండవార గరువు మీద వంద అడుగులు దిగినా రాకపోవచ్చును.

ఇప్పుడు గాదె ఎంత పెద్దదో కొలుద్దాం. భూగర్భజలాల అంచనా కోసం కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘం 1997లో ఒక్కొక్క రకం నేలకు సగటు అంకెలు సిఫారసు చేసింది. ఇసుక ఒండ్రు నూటికి 16 వంతుల నీరు వదులుతుంది. సుద్ద తక్కువగా ఉన్న కుళ్ళు రాయి నూటికి 3 వంతులు, సుద్ద ఎక్కువగా ఉన్నది నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే వదులుతాయి.

ఈ అంకెలను పొలంలోకి తెచ్చుకుందాం. మీ నూతిలో నీటిమట్టం 3 అడుగులు, అంటే 36 అంగుళాలు దిగిందనుకోండి. ఒక ఎకరం కింద ఇసుక ఒండ్రు ఉంటే ఆ ఎకరానికి దాదాపు 6 అంగుళాల నీరు వచ్చినట్టు. మంచి కుళ్ళు రాయి అయితే ఒక అంగుళం. సుద్ద కలిసిన రాయి అయితే అర అంగుళం. దిగిన మట్టం ఒక్కటే, వచ్చిన నీరు పది రెట్లకు పైగా తేడా!

దీన్నే తిప్పి చూడండి. చెరకు తోటకు ఒక తడికి 3 అంగుళాల నీరు పెట్టామనుకుందాం. ఆ నీరు ఆ ఎకరం కిందనుంచే తీస్తే, శారద ఒడ్డున మట్టం ఒకటిన్నర అడుగు దిగుతుంది. మంచి కుళ్ళు రాతిలో 8 అడుగులకు పైగా దిగుతుంది. సుద్ద రాతిలో దాదాపు 17 అడుగులు దిగుతుంది. చుట్టుపక్కల పొలాల కిందనుంచి కూడా నీరు లాగుతుంది కనుక మనకు అంత దిగినట్టు కనపడదు. కాని ఆ నీరు పక్కవాడిదే గదా! మీ మోటారు నడుస్తుంటే పక్క నుయ్యి ఎందుకు చిక్కుతుందో ఇప్పుడు తెలిసింది.

ఇక ఏటా పోసే ధాన్యం ఎంత? మన దగ్గర ఏడాదికి సుమారు 40 అంగుళాల వాన అనుకుందాం. అందులో ఎక్కువ భాగం గెడ్డల్లో పోతుంది, ఎండకు ఆవిరవుతుంది, పైరు తాగుతుంది. లోపలికి దిగేది తక్కువ. ఆ సంఘం అంకెల ప్రకారం తూర్పుతీరపు ఒండ్రులో నూటికి 16 వంతులు, సుద్ద తక్కువ ఉన్న కుళ్ళు రాతిలో 11, సుద్ద ఎక్కువ ఉన్నదానిలో 8, చార్నొకైటులో 5 వంతులు దిగుతుంది. అంటే 40 అంగుళాల వానకు ఒండ్రులో 6.4 అంగుళాలు, మంచి కుళ్ళు రాతిలో 4.4, సుద్ద రాతిలో 3.2, చార్నొకైటులో 2 అంగుళాలు.

ఒక ఎకరం చెరకుకు వానలు పోను నూతినుంచి ఏడాదిలో 8 తడులు పెట్టారనుకోండి. ఒక్కో తడి 3 అంగుళాల చొప్పున 24 అంగుళాలు. ఈ 24 అంగుళాలు ఏటా తిరిగి నిండాలంటే ఒండ్రు నేలలో నాలుగెకరాల వాన ఇంకాలి. మంచి కుళ్ళు రాతిలో అయిదున్నర ఎకరాల వాన కావాలి. సుద్ద రాతిలో ఏడున్నర ఎకరాలు, చార్నొకైటు మీద పన్నెండు ఎకరాలు. పెట్టిన తడిలో కొంత నీరు మళ్ళీ కిందికి దిగుతుంది, చెరువుల నుంచి కొంత దిగుతుంది, కనుక అంకె కొంచెం మెరుగుపడవచ్చును. అయినా కొండవార ఊళ్ళో ప్రతి ఎకరమూ బోరు కింద చెరకు వెయ్యడం కుదరదన్నది ఈ లెక్క చెప్పే మాట. వేస్తే మొదటి రెండు మూడేళ్ళు పాత నిలవ తింటాం. ఆ తరువాత ఊరంతా కలిసి కిందికి తవ్వుకుంటూ పోవడమే.

"కిందికి పోతే నీరు దొరుకుతుంది గదా" అంటారు కొందరు. మన రాతిలో అది నిజం కాదు. లోతుకు పోయినకొద్దీ పైరాతి బరువుకు పగుళ్ళు మూసుకుంటాయి. నీరున్న పగుళ్ళు చాలామట్టుకు మొదటి 300 అడుగుల లోపునే ఉంటాయి. ఆ తరువాత ఒక్కొక్క అడుగుకూ ఖర్చు పెరుగుతుంది, ఆశ తగ్గుతుంది. అదీగాక, లోతు పగుల్లో తగిలిన నీరు కొత్త నీరేమీ కాదు. చాలాసార్లు పైనున్న కుళ్ళు రాతి నీరే కిందికి జారి అక్కడ చేరుతుంది. కొత్త బోరు పోస్తుంటే పాత నుయ్యి ఎండుతున్నదంటే కారణం ఇదే.

నీళ్ళు చూసేవారి మాట కూడా చెప్పాలి. కొబ్బరికాయ చేతిలో పట్టుకునీ, పంగల కర్ర పట్టుకునీ చోటు చెబుతారు. వారు చెప్పినచోట నీరు పడిన సందర్భాలు లేకపోలేదు. కుళ్ళు రాయి మందంగా ఉన్న ఊళ్ళో ఎక్కడ తవ్వినా కొంత నీరు తగులుతుంది. అక్కడ ఎవరు చెప్పినా నిజమే అవుతుంది. చార్నొకైటు ఉన్నచోట వారిమాట ఎన్నిసార్లు తప్పిందో కూడా లెక్క పెట్టండి. పుట్టలు, అత్తి చెట్లు చెమ్మ ఉన్నదని చెబుతాయి. ఎకరం తడిసేంత నీరు ఉన్నదో లేదో చెప్పలేవు.

దీనికంటే నమ్మదగినది విద్యుత్ పరీక్ష. నేలలో మేకులు పాతి కరెంటు పంపి, నేల ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. సుద్దలో, ఉప్పునీటిలో కరెంటు తేలికగా పోతుంది. చట్టు రాతిలో దాదాపు పోదు. నీరున్న కుళ్ళు రాయి ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. మెత్త రాయి ఎంత మందమో, చట్టు ఎక్కడ మొదలవుతుందో దీనితో తెలుస్తుంది. ఎన్ని లీటర్లు వస్తాయో మాత్రం ఈ పరీక్ష చెప్పదు. అది తెలుసుకోవడానికి ముందుగా మీ కళ్ళే చాలు. ఊళ్ళో ఉన్న పాత నూతుల గోడలు చూడండి. రోడ్డు కోసిన గట్టు చూడండి. ఎన్ని అడుగుల ఎర్రమన్ను, ఎన్ని అడుగుల సుద్ద, ఎక్కడ పెచ్చురాయి మొదలైంది, ఊట ఏ పొరనుంచి వస్తున్నదో ఒక కాగితం మీద రాసుకోండి. వైశాఖంలో నీరు ఎన్ని అడుగుల్లో ఉన్నది, కార్తీకంలో ఎన్ని అడుగుల్లో ఉన్నది అడగండి. కొండ పక్క వాలుకంటే రెండు గట్ల నడుమ పల్లం మంచిది. అక్కడ కుళ్ళు రాయి మందం, నీరు చేరే వాలు కూడా అటే.

ఉన్న నుయ్యి ఎంత పంటకు చాలుతుందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. ఖర్చు లేదు. తాడు, గడియారం ఉంటే చాలు. మీ నుయ్యి గుండ్రంగా 20 అడుగుల వెడల్పు అనుకోండి. ఎండాకాలంలో మోటారు పెట్టి నీరు బాగా దించండి. ఆపి, నీరు 3 అడుగులు తిరిగి ఎక్కడానికి ఎన్ని గంటలు పట్టిందో చూడండి. ఆ 3 అడుగుల నీరు సుమారు 26,700 లీటర్లు. 12 గంటలు పట్టిందంటే రోజుకు రెండు తోడకాలు, అంటే 53,000 లీటర్ల పైచిలుకు. ఒక ఎకరానికి 3 అంగుళాల తడి అంటే 3,08,000 లీటర్లు. ఎకరం తడవడానికి దాదాపు ఆరు రోజులు. పది రోజుల కొకసారి తడి ఇవ్వవలసిన పైరైతే ఈ నుయ్యి రెండెకరాలకు కూడా చాలదు. కనుక మూడెకరాలు వేసి మూడూ ఎండబెట్టుకోవడంకంటే, ఒకటిన్నర ఎకరం వేసి నిండుగా పండించుకోవడం మేలు. మిగతా చేనులో నువ్వులు, రాగి, పెసర, మినుము వంటి తక్కువ నీటి పంటలు వేసుకోవచ్చును.

చెరకు వేసేవారికి కూడా నీరు పొదుపు చేసే దారులు ఉన్నాయి. 1913లో అనకాపల్లిలో స్థాపించిన చెరకు పరిశోధనా కేంద్రం ఇప్పుడు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంగా ఉన్నది. మొక్కతోటలో నాటిన మూడవ రోజున ఎకరానికి 1.25 టన్నుల చెరకు చెత్త కప్పడం పరిశోధకుల సలహాల్లో ఒకటి. చెత్తను కాల్చేబదులు కప్పితే చెమ్మ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. డ్రిప్పు గొట్టాలతో మొక్క మొదట్లోనే నీరిస్తే ఇంకా మంచిది. కాని ఒక హెచ్చరిక: డ్రిప్పు పెట్టి మిగిలిన నీటితో మరో రెండెకరాల చెరకు పెంచితే గాదెకు ఏమీ మిగలదు.

సముద్రం పక్కనున్న రాంబిల్లి, నక్కపల్లి, పాయకరావుపేట వైపు సోదరులకు వేరుగా ఒక మాట. మీ ఇసుకలో మంచినీరు, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున నిలిస్తే, కింద 40 అడుగుల మందం మంచినీరు ఉంటుందని ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఐరోపా శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దం చివరా, 1901లోనూ వేర్వేరుగా లెక్క కట్టారు. ఆ ఒక్క అడుగూ తోడేస్తే ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి దారి ఏర్పడుతుంది. ఉప్పెక్కిన నీరు మళ్ళీ మంచినీరు కావడానికి ఏళ్ళు పడుతుంది. అంచేత అక్కడ లోతు బోర్లు వద్దు. తక్కువ లోతున, దూరం దూరంగా, కొద్దికొద్దిగా తోడుకోవాలి.

శారద ఒడ్డున ఉన్నవారు ఇసుక సంగతి చూసుకోవాలి. నూటికి 16 వంతులు ఇచ్చే గాదె ఆ ఇసుకే. లారీలకెత్తి ఇసుక పంపేస్తే, ఏటి పక్క నూతులకు నిలవ చోటు పోతుంది. ఏరు పల్లమైతే నీటిమట్టం కూడా దానితోపాటు దిగుతుంది.

నీరు ఇంకించే పనులకు కూడా రాయిని అడగాలి. గెడ్డకు కట్టిన చిన్న కట్ట, కింద కుళ్ళు రాయి ఉన్నచోట బాగా పనిచేస్తుంది. చట్టు మీద కడితే నీరు నిలుస్తుంది, పశువులు తాగుతాయి, నూతులకు మాత్రం చేరదు. సుద్దమన్ను మీద ఇంకుడు గుంత తవ్వితే నీరు దిగక దోమలు పెరుగుతాయి. గుంత సుద్దను దాటి పెచ్చురాతిదాకా పోవాలి. చెరువులో ఒండ్రుమట్టి పేరుకుంటే నీరు దిగడం తగ్గుతుంది. ఆ మట్టి తీసి గరువు పొలాలకు తోలితే రెండు లాభాలు.

చివరిగా, ఈ లెక్క ఒక్క రైతు చేస్తే చాలదు. నీటికి సరిహద్దు రాళ్ళు లేవు. 2003 తరువాత అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఒక పథకం నడిచింది. అక్కడి రైతులు తామే వానను కొలిచి, బోర్ల నీటిమట్టం కొలిచి, ఊరి పలక మీద రాసి, ఆ ఏడాది ఎంత నీరు ఉన్నదో చూసుకుని పంటలు ఎంచుకున్నారు. మన ఊళ్ళలో ఆ పని చేయడానికి అడ్డేమీ లేదు. గ్రామసేవలో ఉన్న సోదరులు దీనికి ముందుకు రావాలి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, ఉన్న బోర్లను నమోదు చేయించుకోవాలి. అది కాగితం పని అనుకోకండి. మీ నూతి పక్కనే మరొకడు బోరు దించకుండా మిమ్మల్ని కాపాడేది అదే.

ఈ వారంలో ఒక పని చేయండి. మీ నూతిలోకి దిగే తాడుకు అడుగు కొక ముడి వెయ్యండి. నేటి నీటిమట్టం కొలిచి గోడ మీద తేదీతో రాయండి. నెలకొకసారి అలాగే చేయండి. ఏడాది తిరిగేసరికి మీ రాయి ఎంత ఇస్తుందో మీకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. అప్పుడు బోరు బండిని పిలవాలో, పంట మార్చాలో మీరే తేల్చుకోవచ్చును.